చిత్తూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘాలు

చిత్తూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘాలు రాయలసీమ దక్షిణ భాగమైన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో పాడిరైతులు తమ పాలను కలిసి అమ్ముకొనే నిమిత్తం ఏర్పడిన వ్యాపార సంస్థలు. గ్రామ సహకార సంఘాల మీద నిర్మితమై, చిత్తూరు డెయిరీగా పేరుపొందిన జిల్లా పాల సహకార సంఘం వీటిలో ప్రసిద్ధమైనది. ఈ సంఘం 2002లో మూతపడింది. ఆ తరువాత 2014లో తిరుపతి కేంద్రంగా, మహిళలే సభ్యులుగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. ఈ వ్యాసంలో జిల్లా అన్నప్పుడు 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనకు ముందున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాగా గ్రహించాలి.

నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911లో మద్రాసు రాజధానిలో ఏర్పడింది. జిల్లాలో ఏడాది పొడవునా పారే పెద్ద నది లేదు. వ్యవసాయం చెరువులు, బావులు, గొట్టపు బావుల మీదనే ఆధారపడి ఉంది. వర్షాధారపు భూములలో వేరుశనగ ప్రధాన పంట. రైతులలో అధికులు చిన్న, సన్నకారు రైతులు. వాన తప్పిన ఏడు పంట చేతికి రాదు. పంట వచ్చిన ఏడు కూడా ఆదాయం సంవత్సరానికి ఒకటి రెండు సార్లే వస్తుంది. పాలమీద వచ్చే డబ్బు అట్లా కాదు. రెండు ఆవులున్న కుటుంబానికి కూడా పది పదిహేను రోజులకొకసారి పాలబిల్లు అందుతుంది. ఉప్పు పప్పుల ఖర్చులకు, పిల్లల చదువులకు, వైద్యానికి అది ఆధారం. కరువు ప్రాంతంలో పాడి ఉపవృత్తిగా మొదలై, చాలా కుటుంబాలకు ముఖ్య జీవనాధారంగా మారడానికి ఇదే కారణం.

జిల్లాకు చెందిన దేశవాళీ జాతి పుంగనూరు ఆవు. పొట్టిగా ఉండి, తక్కువ మేతతో బతికే ఈ ఆవు పాలలో వెన్న ఎక్కువ, కాని పాల దిగుబడి తక్కువ. ఈ జాతి పరిరక్షణ కోసం పలమనేరులో పశు పరిశోధనా కేంద్రం పనిచేస్తున్నది. అయితే వ్యాపార సరళి పాడి విస్తరించినది పుంగనూరు ఆవులతో కాదు. కృత్రిమ గర్భధారణ ద్వారా వృద్ధిచేసిన జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులతో. కోస్తా జిల్లాలలో గేదెపాలు ప్రధానం కాగా, చిత్తూరు జిల్లా ఆవుపాలకు పేరుపొందింది. పడమటి మండలాలైన పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల చల్లని వాతావరణం సంకరజాతి ఆవులకు అనుకూలం. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉండటం కూడా పశుపోషణకు తోడ్పడింది.

జిల్లాకు పెద్ద మార్కెట్లు దగ్గర. చిత్తూరు పట్టణం నుండి చెన్నై సుమారు 150 కిలోమీటర్లు, బెంగుళూరు సుమారు 180 కిలోమీటర్లు. నిత్యం వేలాది యాత్రికులు వచ్చే తిరుపతి జిల్లాలోనే ఉంది.

సంఘం అవసరం

పాలు నిలవ ఉండే సరుకు కాదు. వేరుశనగ ధర తగ్గితే రైతు కొన్నాళ్ళు ఇంట్లో నిలవ పెట్టుకోగలడు. ఉదయం పితికిన పాలను చల్లబరచకపోతే మధ్యాహ్నానికి విరిగిపోతాయి. అందువలన బేరంలో రైతు ఎప్పుడూ బలహీనుడే. ఊరికి ఒక్కడే కొనుగోలుదారు ఉంటే అతడు చెప్పినదే కొలత, అతడు ఇచ్చినదే ధర. పైగా పచ్చిమేత దొరికే కాలంలో పాలు పొంగి ధర పడిపోతుంది. వేసవిలో ధర పెరిగినా అమ్మడానికి పాలు ఉండవు.

ఒక్కొక్క రైతు ఒంటరిగా ఈ ఇబ్బందులను దాటలేడు. పాలను వెంటనే శీతలీకరించే కేంద్రం, మిగులు పాలను పొడిగా, వెన్నగా మార్చే యంత్రాలు, దూరపు నగరానికి చేర్చే వాహనాలు కావాలి. వీటిని రైతులు ఉమ్మడిగా సమకూర్చుకొని, లాభాన్ని తామే పంచుకోవడం పాల సహకార సంఘం యొక్క మూలసూత్రం.

సహకార వ్యవస్థ ఏర్పాటు

ఈ సూత్రానికి దేశంలో ప్రసిద్ధ నమూనా గుజరాత్‌లోని ఆనంద్. అక్కడ 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఖేడా జిల్లా పాల సహకార సంఘం ఏర్పడింది. తరువాతి కాలంలో అముల్ పేరుతో ప్రసిద్ధమైన సంస్థ ఇదే. ఆ అనుభవాన్ని దేశమంతటికీ విస్తరించడానికి 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. వర్గీస్ కురియన్ దానికి అధ్యక్షుడు. 1970లో ఆ సంస్థ ఆపరేషన్ ఫ్లడ్ పథకాన్ని ప్రారంభించింది. ఐరోపా దేశాలు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా విరాళంగా ఇచ్చిన పాలపొడి, వెన్ననూనెలను దేశంలో అమ్మి, ఆ డబ్బును పాడి అభివృద్ధికి వినియోగించారు. తొలిదశలో పాలు సరఫరా చేయదలచిన నాలుగు మహానగరాలలో మద్రాసు ఒకటి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాడి పరిశ్రమ 1960లో యూనిసెఫ్ సహాయంతో మొదలైన సమగ్ర పాల పథకంతో ప్రారంభమయింది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి కార్పొరేషన్ ఏర్పడింది. 1981లో ఆనంద్ తరహాలో రాష్ట్ర పాడి సహకార సమాఖ్య ఏర్పడింది. సమాఖ్య పాలు "విజయ" పేరుతో అమ్ముడయ్యేవి.

ఈ వ్యవస్థకు మూడు అంచెలు:
* గ్రామ సంఘం: పాలు పోసే రైతులు సభ్యులు. ఉదయం, సాయంత్రం పాలు సేకరించి, పరీక్షించి, రైతు పుస్తకంలో నమోదు చేస్తుంది.
* జిల్లా సంఘం: గ్రామ సంఘాలు సభ్యులు. శీతలీకరణ కేంద్రాలు, డెయిరీ, పశువైద్యం, దాణా సరఫరా దీని బాధ్యత.
* రాష్ట్ర సమాఖ్య: జిల్లా సంఘాలు సభ్యులు. మార్కెటింగ్, ప్రణాళిక దీని పని.

చిత్తూరు డెయిరీ ఈ వ్యవస్థలో రాష్ట్రంలోని పెద్ద డెయిరీలలో ఒకటిగా ఎదిగింది. 1980ల చివరినాటికి రోజుకు రెండు లక్షల లీటర్ల స్థాయికి చేరుకొంది. సంఘం పాలుకొనే ఊళ్ళలో ప్రైవేటు వర్తకుడు కూడా ఆ ధరకు దగ్గరగా ఇవ్వవలసి వచ్చేది. ఆ విధంగా సభ్యులు కానివారికి సైతం సంఘం ధర ఒక కొలబద్దగా ఉపయోగపడింది.

పాల ధర నిర్ణయం

పాల విలువను రెండు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది వెన్న శాతం. రెండవది వెన్న కాక పాలలో మిగిలిన మాంసకృత్తులు, లాక్టోజు, లవణాలు మొదలైన ఘనపదార్థాలు. రెండవదానిని పాలకేంద్రాలలో ఎస్.ఎన్.ఎఫ్. అంటారు. దీనిని లాక్టోమీటరు సహాయంతో లెక్కిస్తారు.

ఆవుపాల ప్రాంతమైన చిత్తూరుకు ఈ లెక్క చాలా ముఖ్యం. ఉదాహరణకు ఆవుపాలలో వెన్న 3.5 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం, గేదెపాలలో వెన్న 7 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం ఉన్నాయనుకొందాం. వెన్న ఒక్కదానికే ధర కడితే ఆవుపాలకు గేదెపాల ధరలో సగమే వస్తుంది. రెండు అంశాలకూ సమానంగా విలువ కడితే మొత్తం ఘనపదార్థాలు 12, 16 శాతాలు కనుక ఆవుపాలకు గేదెపాల ధరలో ముప్పాతిక వంతు వస్తుంది. పాలు అవే, ఆవు అదే. లెక్క మారితే రైతు ఆదాయం మారుతుంది. ఆ లెక్కను ఎవరు నిర్ణయిస్తారు, పరీక్షా యంత్రం ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి పాల సంఘాల చరిత్ర అంతటా ముఖ్యమైన ప్రశ్నలు.

1990లలో మార్పులు

1991 ఆర్థిక సంస్కరణలతో పాల పరిశ్రమలో లైసెన్సు విధానం తొలగింది. 1992లో కేంద్ర ప్రభుత్వం పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వును జారీచేసి, రోజుకు 10,000 లీటర్లకు మించి పాలు వాడే డెయిరీలకు రిజిస్ట్రేషనును, నిర్ణీత సేకరణ ప్రాంతాలను ఏర్పరచింది. ప్రైవేటు డెయిరీల ప్రవేశం మాత్రం కొనసాగింది. జిల్లాకు చెందిన రాజకీయ నాయకుడు నారా చంద్రబాబునాయుడు 1992లో హెరిటేజ్ ఫుడ్స్ సంస్థను స్థాపించాడు. మరికొన్ని ప్రైవేటు సంస్థలు కూడా జిల్లాలో పాల సేకరణకు దిగాయి. రైతుకు కొనుగోలుదారులు పెరిగారు. అదే సమయంలో సహకార సంఘానికి వచ్చే పాలకు పోటీ ఏర్పడింది.

సహకార సంఘాలకు అంతర్గత సమస్యలు కూడా ఉండేవి. 1964 నాటి సహకార సంఘాల చట్టం రిజిస్ట్రారుకు విస్తృత అధికారాలను ఇచ్చింది. ఎన్నికైన పాలకవర్గాన్ని రద్దుచేసి అధికారిని నియమించే వీలుండేది. పేరుకు రైతుల సంస్థ అయినా నిర్ణయాలపై ప్రభుత్వ ప్రభావం ఎక్కువ. దీనికి ప్రత్యామ్నాయంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దీని కింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు, పాలకవర్గంపై ప్రభుత్వ అజమాయిషీ ఉండదు. దేశంలో ఇటువంటి చట్టం చేసిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రాష్ట్రంలోని విశాఖ, సంగం వంటి డెయిరీలు ఈ మార్గాన నిలదొక్కుకొన్నాయి. చిత్తూరు డెయిరీ నిలదొక్కుకోలేకపోయింది.

చిత్తూరు డెయిరీ మూత

2002 ఆగస్టులో చిత్తూరు డెయిరీ మూతపడింది. రైతులకు, ఉద్యోగులకు, ఇతరులకు చెల్లించవలసిన బకాయిలు మిగిలిపోయాయి. డెయిరీ భవనాలు, యంత్రాలు రెండు దశాబ్దాలపాటు నిరుపయోగంగా ఉండిపోయాయి.

మూతకు గల కారణాలపై రాజకీయ పక్షాల మధ్య తీవ్రమైన భేదాభిప్రాయం ఉంది. ప్రైవేటు డెయిరీకి మేలు చేయడానికే సహకార డెయిరీని నిర్వీర్యం చేశారని తెలుగుదేశం ప్రత్యర్థి పక్షాలు ఆరోపించగా, ఆ పార్టీ ఆరోపణను తిరస్కరిస్తూ వచ్చింది.

2002 మరికొన్ని కారణాల వలన కూడా గమనించదగిన సంవత్సరం. ఆ ఏడాది దేశంలో తీవ్రమైన కరువు వచ్చింది. మార్చి నెలలో 1992 నాటి ఉత్తర్వును సవరించి, డెయిరీలకు నిర్ణీత సేకరణ ప్రాంతాల విధానాన్ని తొలగించారు. దానితో ఏ సంస్థ అయినా ఏ ప్రాంతంలోనైనా పాలు కొనే వీలు కలిగింది. పోటీ పూర్తిగా తెరుచుకొన్న ఏడాదే రైతుల తరఫున బేరమాడే జిల్లా సంస్థ లేకుండా పోయింది. పాలకు గిరాకీ తగ్గలేదు, ప్రైవేటు డెయిరీలు పాలు కొంటూనే ఉన్నాయి. అయితే రైతు వాటికి సరఫరాదారు మాత్రమే. ధర నిర్ణయంలో ఓటు, లాభంలో వాటా ఉన్న సభ్యుడు కాదు.

ఉత్పత్తిదారుల కంపెనీ

వై.కె.అలఘ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసుల ఆధారంగా 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి, ఉత్పత్తిదారుల కంపెనీ అనే కొత్త రూపాన్ని ప్రవేశపెట్టారు. ఇది 2003 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. ఇటువంటి కంపెనీలో ప్రాథమిక ఉత్పత్తిదారులు మాత్రమే వాటాదారులు. వాటాలను స్టాక్ మార్కెట్లో అమ్మడానికి వీలులేదు. వ్యక్తులే సభ్యులైన కంపెనీలో ఎన్ని వాటాలున్నా సభ్యునికి ఒకే ఓటు. అనగా నిర్వహణ కంపెనీ తరహాలో, యాజమాన్యం సహకార సంఘం తరహాలో ఉంటుంది.

ప్రపంచ బ్యాంకు సహాయంతో 2012 ప్రాంతంలో మొదలైన జాతీయ పాడి ప్రణాళిక కింద ఇటువంటి కంపెనీలను ప్రోత్సహించారు. రాజస్థాన్‌లో పాయస్, గుజరాత్‌లో మాహీ, పంజాబ్‌లో బానీ, ఉత్తరప్రదేశ్‌లో సహజ్ ఏర్పడగా, ఆంధ్రప్రదేశ్‌లో 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ ఏర్పడింది. దీనికి జాతీయ పాడి అభివృద్ధి సంస్థకు అనుబంధమైన ఎన్.డి.డి.బి. డెయిరీ సర్వీసెస్ సాంకేతిక సహకారం అందించింది. శ్రీజ ప్రత్యేకత సభ్యులందరూ మహిళలే కావడం. కొద్దిమందితో మొదలైన సంస్థ సభ్యత్వం తరువాతి సంవత్సరాలలో లక్ష దాటింది.

మహిళా సభ్యత్వానికి ఆచరణలో ప్రాధాన్యం ఉంది. మేత కోయడం, పేడ ఎత్తడం, పాలు పితకడం, దూడలను సాకడం వంటి పనులు గ్రామాలలో ఎక్కువగా స్త్రీలే చేస్తారు. సొసైటీ పుస్తకంలో పేరు మాత్రం తరచుగా ఇంటి యజమానిది. శ్రీజలో వాటా మహిళ పేరున ఉంటుంది, పాల డబ్బు ఆమె బ్యాంకు ఖాతాకు చేరుతుంది, పాలకమండలికి ఓటు వేసే హక్కు ఆమెదే.

2020 తరువాత

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అముల్‌తో ఒప్పందం చేసుకొని, గ్రామ మహిళా పాడి సహకార సంఘాల ద్వారా పాలు సేకరించే పథకాన్ని ఆ ఏడాది డిసెంబరు 2న చిత్తూరు, కడప, ప్రకాశం జిల్లాలలో ప్రారంభించింది. చిత్తూరు డెయిరీ బకాయిలు 182 కోట్ల రూపాయలు తీర్చినట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2023 జూలై 4న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి చిత్తూరులో అముల్ ఆధ్వర్యాన డెయిరీ పునరుద్ధరణకు శంకుస్థాపన చేశాడు. ఇందుకు అముల్ 385 కోట్ల రూపాయలు పెట్టుబడి పెడుతుందని ప్రకటించారు. అముల్ కూడా రైతుల సంస్థే. కాని దాని యాజమాన్యం గుజరాత్ జిల్లా సంఘాలది.

సంఘ రూపాల పోలిక

జిల్లా రైతుల పాలు వేర్వేరు కాలాలలో నాలుగు విధాల సంస్థలకు చేరాయి.
* ప్రభుత్వ అజమాయిషీ గల సహకార సంఘం: యాజమాన్యం చట్టరీత్యా సభ్యులది, పాలకవర్గంపై అధికారం ప్రభుత్వానిది.
* ప్రైవేటు డెయిరీ: యాజమాన్యం వాటాదారులది, రైతు సరఫరాదారు.
* ఉత్పత్తిదారుల కంపెనీ: యాజమాన్యం పాలుపోసే సభ్యులది, ప్రభుత్వ వాటా లేదు.
* వేరే రాష్ట్రపు సహకార సంస్థతో ఒప్పందం: రైతు గ్రామ సంఘంలో సభ్యుడు; మార్కెటింగు సంస్థ యాజమాన్యంలో భాగస్వామి కాదు.

పాలుకొనే సంస్థలు ఎన్ని ఉన్నా రైతుకు పోటీ ధర దొరికే అవకాశం ఉంటుంది. కాని పాలు పొంగి కొనుగోలుదారులు వెనుకాడే రోజులలో పాలను విధిగా తీసుకోవలసిన బాధ్యత సభ్యుల సొంత సంస్థకే ఉంటుంది. చిత్తూరు డెయిరీ మూతపడి రెండు దశాబ్దాలు గడిచిన తరువాత కూడా దాని పునరుద్ధరణ జిల్లాలో ప్రజాసమస్యగా కొనసాగడానికి ఇది ఒక ముఖ్య కారణం.