పట్టిన చేపను వదలకూడని మూడు నెలలు

శీతాకాలపు గాలం వేట మీద ముఖచిత్ర కథనం రాయమన్నారు సంపాదకులు. గురువారం సాయంత్రానికి కావాలన్నారు. డాలస్ నుంచి గంటన్నర తూర్పుగా వెళ్తే వచ్చే లేక్ ఫోర్క్ గురించి కాగితాలు తిరగేస్తుంటే, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చేపల నిబంధనల్లో ఒకచోట నా చూపు ఆగిపోయింది.

క్రాపీ అనే చేపకు టెక్సస్‌లో మామూలుగా ఉండే నియమం తేలికైనదే. మనిషికి రోజుకు 25 పట్టుకోవచ్చు, 10 అంగుళాల కంటే చిన్నదైతే వదిలెయ్యాలి. లేక్ ఫోర్క్, లేక్ ఓ ద పైన్స్ అనే రెండు జలాశయాల దగ్గరకు వచ్చేసరికి డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరి రోజు దాకా ఈ నియమం తిరగబడుతుంది. కనీస పొడవు ఉండదు. గాలానికి పడిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాల్సిందే. వేలెడంత పిల్ల పడినా లెక్కలోకి వస్తుంది. 25 అయ్యాయా, ఆ రోజుకి క్రాపీ వేట ముగిసినట్టే. పెద్దది దొరికింది కదా అని చిన్నదాన్ని నీళ్ళలోకి జారవిడవడం కుదరదు.

చేపల్ని కాపాడాల్సిన శాఖే వదలొద్దని ఎందుకంటోంది? జవాబు కోసం నీళ్ళ అడుగుకు వెళ్ళాలి.

క్రాపీ కడుపు నింపేది థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండిరంగు చిన్న చేప. ఐదారు అంగుళాలు దాటడం అరుదు కాబట్టి క్రాపీ నోటికి సరిగ్గా సరిపోతుంది. దీని దాయాది గిజార్డ్ షాడ్ చలికి ఓర్చుకుంటుంది గానీ అడుగు దాటి పెరిగి క్రాపీకి మింగుడుపడదు. థ్రెడ్‌ఫిన్‌కి చలంటే ప్రాణగండం. నీళ్ళు 7 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వస్తే చచ్చి తేలడం మొదలవుతుంది. పై నీళ్ళు చల్లబడేకొద్దీ అవి దట్టంగా గుంపుకట్టి, జలాశయంలో మునిగిపోయిన పాత వాగు గాడుల వెంట లోతుకు దిగుతాయి. వాటి వెనకే క్రాపీ.

చలిలో క్రాపీకి అరుగుదల మందగిస్తుంది. ఎరచేపను తరిమి పట్టే ఓపిక ఉండదు. గుంపు కిందనో అంచుననో కదలకుండా నిలబడి, పైకి చూస్తూ, అందుబాటులోకి వచ్చినదాన్ని నోట్లోకి పీల్చుకుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు ఎరను చేప కంటే అడుగు పైనే ఆపుతారు. అంతకంటే కిందికి దించితే క్రాపీ తల వంచి చూడదు. ఎరను ఆడించడం కూడా తక్కువే, దాదాపు నిశ్చలంగా పట్టుకోవాలి. చేప ఎర పట్టిందని తెలిసే తీరు కూడా వేరు. గుంజినట్టు ఉండదు. బిగువుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులవుతుంది. కింద నుంచి లేచిన క్రాపీ ఎరను నోట కరుచుకుని పైకి వస్తోందన్నమాట. అప్పుడు గట్టిగా లాగితే కాగితంలాంటి దాని పెదవి చిరిగి గాలం ఊడిపోతుంది. మణికట్టు కాస్త ఎత్తి, తొందరపడకుండా చుట్టుకోవాలి.

అలా పైకి వచ్చినదాన్ని దగ్గరగా చూడండి. కళ్ళు గూళ్ళలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. పొట్ట ఉబ్బి ఉంటుంది. ఒక్కోసారి నోట్లోంచి ఎర్రటి ముద్ద బయటికి వస్తుంది. అది దాని జీర్ణాశయం. నీళ్ళలో తేలడానికి చేప ఒంట్లో గాలితిత్తి ఉంటుంది. మన బొచ్చెకూ, శీలావతికీ ఆ తిత్తి నుంచి గొంతులోకి సన్నని గొట్టం ఉంటుంది, ఎక్కువైన గాలిని అవి అటునుంచి వదిలేయగలవు. క్రాపీకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. నెత్తురు ద్వారా మెల్లగా తగ్గించుకోవాల్సిందే. 33 అడుగుల లోతులో నీటి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడి నుంచి చేపను నిమిషంలోపు పైకి తెస్తే తిత్తిలోని గాలి రెండింతలు ఉబ్బడానికి చూస్తుంది, లోపలి అవయవాలను నొక్కేస్తుంది. అలాంటిదాన్ని వదిలితే కొన్ని పడవ పక్కనే వెల్లకిలా తేలతాయి. కొన్ని తోకాడించి కిందికి పోతాయి, పట్టినవాడు తృప్తిగా చూస్తాడు. వాటిలోనూ చాలావాటికి ఆయుష్షు లేదు.

నాకు ఈ నిబంధన ఎంతగానో నచ్చింది. వదిలెయ్యడం ఎప్పుడూ దయే అనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. ఫొటో తీసుకుని వదిలేస్తే చేప బతికినట్టే లెక్క. లోతు నీళ్ళ చలికాలంలో ఆ లెక్క తప్పు. చచ్చిపోయే చేపను ఎవరూ చూడనిచోటికి పంపడం కంటే, ఇంటికి తీసుకెళ్ళి వండుకుని, 25 దగ్గర ఆగిపోవడమే నిజాయితీ.

2018లో గార్మిన్ సంస్థ తెచ్చిన లైవ్‌స్కోప్ సోనార్ వచ్చాక ఈ మాట మరీ అవసరమైంది. అప్పటిదాకా తెర మీద షాడ్ గుంపు ఒక మసక మబ్బులా కనిపించేది, దాని చుట్టూ ఏముందో ఊహించుకోవాలి. ఇప్పుడు పడవకు ముందున్న ఒక్కో క్రాపీ ఎటు తిరిగిందో, ఎర దాని ముందుకు దిగిందో లేదో కళ్ళముందే కదులుతుంది. ఆ యంత్రం మీద నాకు అనుమానం ఉంది. చేపకు ఉన్న ఒకే ఒక్క చాటు లోతు, దాన్ని అది లాగేసుకుంది. ఇంత చూపు చేతికొచ్చాక ‘చాలు’ అని చెప్పే గీత ఒకటి ఉండి తీరాలి.

మన వంటింటికి మాత్రం ఈ నియమం కష్టమేమీ కాదు. ఏడంగుళాల క్రాపీని పొలుసు తీసి, గాట్లు పెట్టి, పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి పెనం మీద వేయించండి. మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. శీలావతిలో లాగా సన్నముళ్ళ బెడద లేదు. పులుసుకైతే పెద్దవాటినే వాడండి. అదీ గరిటె పెట్టకుండా, గిన్నె పట్టుకుని తిప్పాలి.

చరిత్ర రెండు ముక్కల్లో: సబీన్ నది ఉపనది లేక్ ఫోర్క్ క్రీక్ మీద 1980లో ఆనకట్ట పూర్తయింది, దాదాపు 27 వేల ఎకరాలు మునిగాయి, ఎన్నో చెట్లు నిలువునా నీళ్ళలోనే ఉండిపోయాయి. క్రాపీ ఉత్తర అమెరికా తూర్పు భాగపు సొంత చేప. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు 1957లో మిసిసిపీలోని ఎనిడ్ దగ్గర పడింది, 5 పౌండ్ల 3 ఔన్సులు.

నల్లదా, తెల్లదా?
రంగు చూసి మోసపోవద్దు. వీపు రెక్క ముందుభాగంలో గట్టి ముళ్ళు లెక్కపెట్టండి. ఏడెనిమిది ఉంటే నల్ల క్రాపీ. ఆరు, అంతకంటే తక్కువ ఉంటే తెల్లది. నియమం రెండింటికీ ఒకటే.

ఏం తీసుకెళ్ళాలి?
17 ఏళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు. ఔన్సులో 16వ వంతు బరువున్న జిగ్ అనే కృత్రిమ ఎర, లేదా బతికున్న చిన్న చేప. సన్న దారం. మంచు నింపిన పెట్టె తప్పనిసరి, ఏదీ వెనక్కి పోదు కదా.

క్రాపీ ఎరకు పడిన బాస్
1992 జనవరి 24న బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే వేటగాడు ఇదే లేక్ ఫోర్క్‌లో క్రాపీ కోసం లోతు నీళ్ళలోకి చిన్న చేపను దించాడు. దానికి పడింది లార్జ్‌మౌత్ బాస్, 18.18 పౌండ్లు, అంటే 8 కిలోల పైమాటే. బాస్ వేటలో టెక్సస్ రాష్ట్ర రికార్డు అదే. చలికాలం షాడ్ గుంపుల చుట్టూ తిరిగేది క్రాపీ ఒక్కటే కాదు.