నీటి లెక్క - జ్వరముల లెక్క

ఏటేట వానకాలము రాగానే ఉట్నూరు ఏజెన్సీలో జ్వరములును విరేచనములును తలయెత్తుచుండుట పాఠకులెఱిగినదే. నీరు చెడిన దేహము చెడుననుట మన పెద్దలకు తెలియని సంగతి కాదు. తెలిసినదానిని లెక్కలో జూపి, కాలము మించకమునుపే పనిచేయుట నేటి కర్తవ్యము. ఆ పనికి ధనలోపమొక్కటే అడ్డు కాదు. లెక్కల యనైక్యము కూడ అడ్డే.

నీటిని పరీక్షించువారొకరు, రోగులను లెక్కించువారు వేఱొకరు. 2004లో ప్రారంభమైన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకము వ్యాధుల లెక్క తీయుచున్నది. 2019లో వెలసిన జల జీవన మిషను క్రింద గ్రామస్త్రీలకు నీటిపరీక్ష నేర్పి, ఫలితములను మఱియొక చిట్టా కెక్కించుచున్నారు. రెండును మేలైన పనులే. కాని నూతినీరు చెడిన దినమును, ఆ గూడెమున విరేచనములు పుట్టిన దినమును ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెనన్న ఊరిపేరే కలియకపోవచ్చును. గోండులు, కోలాములు తమ గూడెమును పిలుచుపేరును రెవెన్యూ దస్త్రములలోని పేరును ఒకటే కానక్కఱలేదు. గ్రామమునకు ప్రభుత్వమొక సంఖ్య నిచ్చినను, ఆ గ్రామములో ఇమిడిన నాలుగు గూడెములను అది వేఱుపఱుపజాలదు. పైగా 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగైనది. ఉట్నూరు ఆదిలాబాదున నిలువగా, జైనూరు కుమురంభీం ఆసిఫాబాదున జేరినది. వాగునకు ఈ సరిహద్దు తెలియదు, దోమకును తెలియదు.

రెండు లెక్కలు కలిసినచోట ఎంత మేలు కలిగెనో చరిత్రయే చెప్పుచున్నది. 1854లో లండను నగరమున జాన్ స్నో కలరా మృతుల యిండ్లను పటముపై గుర్తించి, అవి ఒక్క పంపు చుట్టును మూగియుండుట చూపెను. 1937లో మన నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగిసిన రోగులను పరీక్షించి, షార్టు మొదలగు వైద్యులు ఆ వ్యాధిని త్రాగునీటిలోని ఫ్లోరైడుతో ముడివెట్టిరి. వైద్యుడు రోగినే చూచి, నీటి పరీక్షకుడు సీసానే చూచియున్నచో ఆ రహస్యము బయలుపడెడిదా?

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి గూడెమునకును, ప్రతి నూతికిని, ప్రతి చెఱువునకును శాఖలన్నియు వాడుకొను ఒక్క సంఖ్య యుండవలెను. నీటిని చిట్టాకెక్కించిన తేదీ గాక, తోడిన తేదీ వ్రాయవలెను. కొలతలు ఒక్కటే కావలెను. రోగి పేరక్కఱలేదు, గూడెము, వయస్సు, వ్యాధి, వారము చాలును. పట్టణములకును ఇదియే వర్తించును: చెఱువున మురుగు కలిసి, నాచు పేరుకొని, చేపలు చచ్చి తేలుట వైద్యశాఖకు అందవలసిన తొలి హెచ్చరిక. ఉట్నూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఈ పనికి పూనుకొనుట యుక్తము.

లెక్కలు కూర్చినంతనే రోగము కుదురునా యని కొందఱందురు. కుదురదు. కాని ఏ నూతికి ముందు బ్లీచింగు పొడి వేయవలెనో, ఏ గూడెమునకు ముందు వైద్యుని బంపవలెనో అవి చెప్పును. ఆలస్యమైన ఒక్క వారమే పసిబిడ్డకు ప్రాణాంతకము కాగలదు.

భూస్వాములును పట్టణవాసులును గ్రామసభలలో, పురపాలక సంఘములలో ఈ రెండు లెక్కలను ఒక్క పలకపై వ్రాసి చూపుడని అడుగవలెను. అడుగువారున్నగాని చిట్టాలు కలియవు.