సముద్రానికీ మాస్టర్ ప్లాన్ కావాలి

హైదరాబాద్ హైటెక్ సిటీలోని హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో 2012 అక్టోబరు 8 నుంచి 19 దాకా ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పంద దేశాల పదకొండో సదస్సు జరిగింది. తీరానికి వందల కిలోమీటర్ల దూరాన జరిగినా, ఆ సదస్సు సముద్రం గురించి ముఖ్యమైన తీర్మానాలు చేసింది. సముద్ర ప్రాంత ప్రణాళికకు ఆచరణలో పనికొచ్చే మార్గదర్శకాలు తయారుచేయాలని, దేశాలకు శిక్షణ ఇవ్వాలని నిర్ణయించింది. ఆ తీర్మానం అవసరం ఎంతో తెలియాలంటే మన కాకినాడ తీరాన్ని చూస్తే చాలు.

ఇళ్లు ఎక్కడ, పరిశ్రమలు ఎక్కడ, చెరువు ఎక్కడ అని నగరానికి మాస్టర్ ప్లాన్ గీసుకుంటాం. ఓడలు, వేట, చమురు బావులు, ప్రాణుల ఆవాసాలు ఎక్కడెక్కడ ఉండాలో సముద్రానికీ అలాగే ముందుగా తేల్చుకోవాలి. అయితే నీటికి ప్రహరీ గోడలుండవు. ఏ చోటు అన్నదానితో పాటు ఏ కాలంలో అన్నదీ అక్కడ లెక్కలోకి రావాలి.

కాకినాడ దగ్గర ఓడరేవు ఉంది, చేపల రేవు ఉంది. సముద్రంలో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ బావులు, ఒడ్డున రొయ్యల చెరువులు ఉన్నాయి. పక్కనే 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. ఒక్కోదాన్ని ఒక్కో శాఖ చూస్తుంది. ఎవరి అనుమతి వారు ఇస్తారు. అన్నీ కలిసి సముద్రం మీద వేసే భారాన్ని లెక్కగట్టే బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది.

రొయ్య బతుకు చూడండి. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటు వెంట ఏటి మొగల్లోకి వచ్చి, మడ చెట్ల వేళ్ల నడుమ పెరిగి, మళ్లీ సముద్రానికి వెళ్తాయి. మడ అడవి తరిగితే దాని దెబ్బ దూరాన వేసిన వలకూ తగులుతుంది.

ఆలివ్ రిడ్లే తాబేలుది మరో కథ. శీతాకాలం మొదలయ్యాక గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తుంది. గాలి పీల్చడానికి పైకి తేలాల్సిన ప్రాణి కాబట్టి, ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. వల మధ్యలో కమ్మీల జాలీ బిగిస్తే చేపలు, రొయ్యలు సందుల్లోంచి వల చివరికి చేరతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న ద్వారంలోంచి బయటపడుతుంది. గుడ్లు పెట్టే ఇసుక తిన్నెను ఎంత కాపాడినా, వేట జరిగే చోట ఈ ఏర్పాటు లేకపోతే ఫలితం ఉండదు.

రక్షణ పని జరిగే చోటే ఉండాలన్న ఈ ఆలోచనతోనే ప్రపంచ పర్యావరణ నిధి, యూఎన్‌డీపీ సాయంతో గోదావరి ముఖద్వారంలో ‘ఈగ్రీ’ ప్రాజెక్టు చేపట్టారు. వేట, ఆక్వా సాగు, పరిశ్రమలు నడిచే తీరులోనే జీవవైవిధ్య రక్షణను కలపడం దాని ఉద్దేశం.

ప్రణాళికకు కావలసిన సమాచారానికి కొరత లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఉపగ్రహాలతో సముద్రపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ గమనించి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తోంది. ఎక్కడ వేటాడాలో చెప్పే ఈ పరిజ్ఞానం, ఎక్కడ ఎప్పుడు ఆగాలో తేల్చడానికీ పనికొస్తుంది. ఆగడం మత్స్యకారులకు కొత్త కాదు. వేట నిషేధం వల్ల ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజుల భారాన్ని మోసేది వారి కుటుంబాలే. అందుకే ప్రణాళిక గీసే రోజునే వారిని కూర్చోబెట్టాలి. గీతలు గీశాక పిలిచి సంతకం అడగడం సంప్రదింపు కాదు.

2030 నాటికి భూమి మీదా సముద్రంలోనూ 30 శాతం చొప్పున రక్షించాలని 2022లో మాంట్రియల్‌లో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు ఒప్పుకున్నాయి. ఎవరూ పనిచేయని నీళ్లలో గీతలు గీసి కూడా ఆ అంకె చూపించవచ్చు. ఓడరేవు, గ్యాస్ బావి, వల, మడ అడవి ఒకే పటంలో కనిపించేలా చూసుకున్నాకే కొత్త అనుమతి ఇస్తే, ఆ రక్షణ నిజమైనదవుతుంది. కాకినాడలో ఆ పని మొదలుపెట్టడానికి కావలసిన చట్టం, సాంకేతికత, అనుభవం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. శాఖలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడమే మిగిలింది.