అన్నము, నీరు, ఖనిజము: పల్నాటి నేలపై ఒక విచారణ



బెల్లంకొండకు ఉత్తరముగా, కృష్ణానది దక్షిణపు టొడ్డున, కొల్లూరు అను గ్రామ ముండెడిది. గోల్కొండ ప్రభువుల కాలమున అచటి గనులనుండి వెలువడిన వజ్రములు దేశదేశములకు పోయినవి. కోహినూరు కూడ అచటిదే యని చెప్పుదురు. 17వ శతాబ్దమున ఆ గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, స్త్రీలతో పిల్లలతో కలిపి 60,000 మంది అచట పనిచేయుచుండిరని వ్రాసినాడు. ఇప్పుడా స్థలము పులిచింతల జలాశయపు నీట మునిగినది.

ఖనిజమనగా గనినుండి పుట్టినదని అర్థము. ఆ మాట వినగానే మన మనస్సు వజ్రములవైపు, బంగారమువైపు పరుగెత్తును. కాని ఆ గనులలో మట్టి మోసిన కూలీల ఎముకలను నిలిపిన కాల్షియము, వారి రక్తమున తిరిగిన ఇనుము, ఇవియు ఖనిజములే గదా! అవి ఏ గనినుండి వచ్చినవి? వారు తిన్న కూటినుండి, త్రాగిన నీటినుండి వచ్చినవి. మేమిచట విచారింపదలచినది ఆ రెండవ గనిని గూర్చియే.

శ్రీనాథుని దని చెప్పబడు చాటుపద్య మొకటి పల్నాట ముసలివారందరికి నోటికి వచ్చును. నాపరాళ్లను, నాగులేటి నీటిని, సజ్జజొన్నల కూటిని ఒకే వరుసలో పేర్కొని, పాములను తేళ్లను కూడ చేర్చి, కవి మన సీమను ఎగతాళి చేసినాడు. మనకు కోపము రాదగినదే. అయినను, రాయి, నీరు, కూడు అను ఆ వరుసలో ఒక సత్యమున్నది. వాననీరు రాతిపొరలలోనికి దిగి, అందలి లవణములను కరగించుకొని బావిలోనికి వచ్చును. పైరు వేరు వానిని పీల్చి గింజలో దాచును. గింజను తిని, ఆ నీటిని త్రాగిన మనుష్యునిలో అవి ఎముకయు, దంతమును, రక్తమును అగును. కవి పరిహాసమునకు చెప్పినను, మన శరీరపు వంశవృక్షమునే చెప్పినాడు.

ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు అన్నమహిమను చెప్పి ఊరకుండలేదు. పరీక్ష చేసి చూపినాడు. పదునైదు దినములు అన్నము మాని, నీరు మాత్రము కావలసినంత త్రాగుమనినాడు. పిమ్మట వేదమును చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివివచ్చిన ఆ యువకునకు ఏమియు స్ఫురింపలేదు. భోజనము చేసి వచ్చిన పిదప, అడిగిన దెల్ల చెప్పగలిగినాడు. మనస్సు అన్నమయమని తండ్రి చేసిన బోధ అప్పుడు కుమారునకు తెలిసినది. రక్తము చాలక బడిలో తూగుచున్న బాలికను చూచి, దానికి చదువుపై శ్రద్ధ లేదని మందలించు మనము, ఈ కథను ఎన్నిసార్లు వినినను విననివారమే.

ఈ రక్తహీనత చిన్న సంగతి కాదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనత గలవారని తేలినది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రమాణముల ప్రకారము, పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావలసియుండగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెను. ఎక్కువ కావలసిన ఆమెయే ఇంటిలో అందరికి వడ్డించి, చివర గిన్నె అడుగున మిగిలినది తినుచున్నది. పండ్రెండవ శతాబ్దమున మాచర్లలో బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినాడని పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. దానిని మనము పండుగలలో గానము చేయుదుము. మన ఇంటి వంటగదిలోనికి మాత్రము ఆ చాప ఇంకను రాలేదు.

బెల్లము తినిన రక్తము పట్టునందురు. పేరులోనే బెల్లము పెట్టుకొన్న ఊరివారు ఈ మాటను ఇష్టముగా నమ్ముదురు! బెల్లమున కొంత ఇనుము ఉన్నమాట నిజమే. పంచదారలో అదియు లేదు. కాని శ్రీరామనవమినాడు త్రాగు పానకమునకో, నోట వేసికొను చిన్న ముక్కకో ఆ లోటు తీరదు. తీరునని పిడికెళ్లకొలది తినిన, చక్కెరవ్యాధి గలవానికి కీడే కలుగును. మెరిసిపోవు పసుపువన్నె బెల్లముకంటె నల్లబెల్లము మేలు. ఆ మెరుపునకై వండునప్పుడు హైడ్రోసు అను రసాయనమును కలుపుట తరచుగా జరుగుచున్నది. సజ్జలు, ఉలవలు, పెసలు, తోటకూర నిత్యము తినుట, వానితోపాటు నిమ్మరసమో, ఉసిరికయో, జామపండో చేర్చుట, ఇది ఫలించు మార్గము. పులుపులోని సి విటమిను లేక గింజలోని ఇనుము చాలవరకు ఒంటికి పట్టదు. భోజనము కాగానే టీ త్రాగుట ఆ కొంచెమును కూడ పోగొట్టుకొనుటయే, గంటసేపైన ఆగవలెను. ఇక గర్భిణులకు, బాలికలకు ప్రభుత్వము ఉచితముగ నిచ్చు ఇనుపమాత్రలను, బెల్లమున్నది గదా యని గూటిలో పడవేయుట తగదు.

ఇప్పుడు నీటి సంగతికి వచ్చెదము. మా అభిప్రాయమున పల్నాటివారు అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది ఇదియే.

కొన్ని శిలలలో ఫ్లోరైడు అను పదార్థమున్నది. బోరు లోతునకు పోయినకొలది నీరు రాతితో చిరకాలము సహవాసము చేసి దానిని గ్రహించును. వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి ప్రాంతములవారికి దీనిని గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. వారి పిల్లల పండ్లపైనున్న గోధుమవన్నె చారలే చెప్పుచున్నవి. మన దేశమున ఈ వ్యాధిని వైద్యులు శాస్త్రీయముగ మొదట వర్ణించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో 1 మిల్లీగ్రామువరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట 1.5 దాటరాదనియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. కొంచెముగ ఉన్నప్పుడు దంతమునకు బలము. మితి మీరిన, ఎనిమిదేండ్లలోపు బిడ్డకు చిగురులో ఏర్పడుచున్న దంతమునే చెరచును. ఆ మచ్చ మరల పోదు. ఏండ్ల తరబడి అధికముగ త్రాగిన, వెన్నెముక బిగిసి, మెడ తిరుగక, నడుము వంగక, మనుష్యుడు భగవంతుని ముందు సాష్టాంగపడుటకు కూడ అశక్తుడగును.

ఈ ఫ్లోరైడునకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తేటగ, తియ్యగ ఉన్న నీటిలోనే అది అధికముగ ఉండవచ్చును. నీటిని కాచి త్రాగుచున్నాము, భయము లేదని కొందరు తల్లులు చెప్పుదురు. కాచుటచే క్రిములు చచ్చును, ఆ మాట సత్యము. ఫ్లోరైడు మాత్రము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. రాగిచెంబున రాత్రియంతయు నిలిపిన నీరు సర్వదోషహరమని మరికొందరు నమ్ముదురు. రాగికి క్రిములను చంపు గుణమున్నది. తీర్థమునకు మన పెద్దలు రాగిపాత్రను ఎన్నుకొనుట యుక్తమే. అయినను అది ఫ్లోరైడును ముట్టదు. శాస్త్రముపైనున్న గౌరవముతోనే ఈ మాట చెప్పుచున్నాము: ఆచారమునకు లేని శక్తిని అంటగట్టుట, ఆ ఆచారమునకు సేవ కాదు.

ఈ దోషమును తీయు ఉపాయములలో ఒకటి తెలుగుగడ్డపేరనే ప్రసిద్ధమైనది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి లెక్కప్రకారము కలిపి, ఫ్లోరైడును అడుగునకు దింపి, పైతేటను గ్రహింతురు. ఇంటిలో కంటిచూపు కొలతతో చేయదగిన పని కాదు. నేడు ఊరూర వెలసిన ఆర్.ఓ. యంత్రములు సరిగా నడిచినచో ఫ్లోరైడును తగ్గించును. దానితోపాటు కాల్షియమును, మెగ్నీషియమును కూడ తీసివేయును. కనుక ఆ నీరు త్రాగువారు ఈ రెండింటిని అన్నమునుండి సంపాదించుకొనక తప్పదు.

నీటికథ అన్నముతో కలియునది ఇచటనే. ఒకే బావినీరు త్రాగినవారిలో ఆహారమున కాల్షియము చాలనివారిని ఫ్లోరైడు ఎక్కువగ బాధించును. నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో ప్రకటించిరి. ఇట్టి వైకల్యమునకు కాల్షియపు లోటు తోడగునని అటుపిమ్మటి పరిశోధనలును చూపినవి. పెద్దవారికి దినమునకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. మరపట్టిన తెల్లబియ్యము నూరు గ్రాములలో అది పది మిల్లీగ్రాములు కూడ ఉండుట కష్టము. రాగులలో 350కి కొంచెము అటునిటు, మునగాకులో 300కు పైన, నువ్వులలో వేయికి పైన ఉన్నది. నువ్వులలోనిదంతయు ఒంటికి పట్టదనుట కూడ చెప్పవలెను. పాలు, పెరుగు, మజ్జిగలోనిది తేలికగ పట్టును.

ఈ లెక్కలు ముందు పెట్టుకొని మన నైవేద్యములను చూచిన, మాకు ఆశ్చర్యము కలుగుచుండును. నాగులచవితికి చిమ్మిలి, అందు నువ్వులున్నవి. శ్రీరామనవమికి వడపప్పు, నానబెట్టుటచే గింజలోని ఖనిజములను బంధించియుంచు పదార్థము కొంత తగ్గును. పులిసిన అంబలికిని ఇదే గుణము. దద్ధ్యోదనమున పెరుగు. ఇక పులిహోర! జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించిన ఒక అధ్యయనమున, కొద్దిమంది బాలురకు కొన్నాళ్లు చింతపండు తినిపించగా, మూత్రముద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగినది. మన పెద్దలు ఫ్లోరైడును ఎరిగి పులిహోర చేసిరని మేము చెప్పము. అట్టి అతిశయోక్తులు మనకు వలదు. చెడ్డనీరు త్రాగుచు పులిహోరను నమ్ముకొనుటయు వలదు. ఋతువునకొక రుచిగ, పలువిధముల గింజలను దేవుని ముందు పెట్టి ఆరగించినవారికి, ఏ ఒక్క ఖనిజమును పూర్తిగ కొరతపడకుండ ఆ వైవిధ్యమే కాపాడినదని మాత్రము చెప్పుదుము.

ఆ వైవిధ్యము మన కన్నులయెదుటనే తరిగిపోయినది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. బెల్లంకొండ పేరనే ఒక శాఖాకాలువ కలదు. కృష్ణమ్మ పొలములోనికి వచ్చుట మహాభాగ్యము. దానిని నిందించువారము కాము. నీరు వచ్చినచోట వరి వచ్చినది. వరి వచ్చిన ఇంట జొన్న, సజ్జ బీదతనమునకు గురుతులై అటకెక్కినవి. శ్రీనాథుని ఎగతాళికి మనము ఇంత ఆలస్యముగ సిగ్గుపడితిమి కాబోలు! వారమునకు మూడు పూటలైన జొన్నరొట్టెయో, రాగిసంకటియో, సజ్జ అన్నమో తినుట ఏ యింటికిని భారము కాదు.

ఉప్పును గూర్చి ఒక్కమాట. ఉపవాసదినములలో సైంధవలవణము వాడుట ఆచారము. అది పవిత్రమని ఏడాది పొడవునా అదే వాడుచున్న గృహములు నేడు పెరిగినవి. అందు అయోడిను చేర్చియుండదు. అయోడిను లేని ఉప్పును తినుటకై అమ్మరాదని 2006లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసినది గర్భస్థశిశువుల మెదడు ఎదుగుదలను ఉద్దేశించియే. వ్రతమునకు సైంధవము, నిత్యమునకు అయోడిను ఉప్పు వాడుడు. అదియు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక టీచెంచాకు మించరాదు. ఆవకాయలోని ఉప్పు ఈ లెక్కలోనిదే.

ఉపవాసముల విషయమున భగవద్గీత ఆరవ అధ్యాయమున స్వామి ఆజ్ఞ స్పష్టముగ ఉన్నది: అతిగ తినువానికి యోగము లేదు, బొత్తిగ తిననివానికిని లేదు. గర్భిణులు, చక్కెరవ్యాధికి మందులు వాడువారు కార్తికమాసపు కఠినోపవాసములకు ముందు వైద్యుని అడుగవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు అరటిపండు, కొబ్బరినీరు ప్రసాదమే గదా యని విరివిగ పుచ్చుకొనరాదు; వానిలోని పొటాషియము వారికి ప్రమాదకరము. ఉద్ధరిణెడు తీర్థము, చిటికెడు ప్రసాదము కన్నులకద్దుకొని స్వీకరించిన చాలును.

దేవాలయములందు అన్నదానము నడుపు పెద్దలకు మేమొక విన్నపము చేయుచున్నాము. వేలమందికి వండి వడ్డించు నీరు ఆలయపు బోరునుండియే వచ్చుచున్నచో, ముందుగ ఆ నీటిని పరీక్ష చేయించి, ఫలితము వ్రాసిన కాగితమును భోజనశాల గోడపై అంటింపుడు. ఊరివారు తమ బోర్లను గూర్చి అడుగుట అప్పుడే మొదలగును. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలలో ఈ పరీక్ష చేయుదురు. మోటారు వేసి కొన్ని నిమిషములు నీటిని పోనిచ్చి, అదే నీటితో సీసాను రెండుమూడుమార్లు కడిగి, ఒక లీటరు పట్టవలెను. సీసాపై ఊరు, వీధి, బోరు లోతు, తేదీ వ్రాయవలెను. వేసవిలో ఒకసారి, వానలు వెలిసిన పిమ్మట ఒకసారి పరీక్షించుట మేలు, అంకె మారుచుండును. సీసా ప్లాస్టిక్కుదై యుండవలెను. ఫ్లోరైడు గాజును అంటును గనుక, గాజుసీసా ఈ పరీక్షకు పనికిరాదు.