ఏ డిస్కు ముందు?

మా అమ్మమ్మగారు పాడిన మంగళహారతులను టేపుల నుండి కంప్యూటరులోనికి ఎక్కించి ఉంచుకొన్నాము. టేపులు బూజు పట్టిపోయినవి. మిగిలినది ఆ హార్డుడిస్కు ఒక్కటే. 2023లో అది కటకటలాడసాగినది. వెంటనే సర్వమూ కొత్త ఎస్.ఎస్.డి.లోనికి క్లోనింగు చేసినాము.

అయినా స్విచ్చి నొక్కితే యంత్రం పాత డిస్కుతోనే లేచినది! నకలు చెడినదేమోనని ఇంటిల్లిపాదీ బెంగపడినాము. చెడలేదు. ఏ డిస్కును ముందు పిలువవలెనో ఆ వరుస మదర్‌బోర్డులో వ్రాసి ఉంటుంది. స్విచ్చి వేసిన వెంటనే ఎఫ్2 మీట, కొన్ని యంత్రాలకు డిలీట్ మీట, నొక్కి, ‘బూట్’ పట్టికలో కొత్తదానిని పైకి తెచ్చి సేవ్ చేయవలెను. ఒక్కసారికైతే పలు యంత్రాలలో ఎఫ్12 చాలు.

కరెంటు ఆపి, పాత డిస్కు తీగ ఊడదీసి, మళ్లీ లేపినాము. అప్పుడే గదా నకలు నిజంగా నిలిచినదో లేదో తెలిసేది! హారతులు వినిపించినవి. పాత డిస్కును మాత్రం ఇంకా తుడిచివేయలేదు, బీరువాలో ఉన్నది.