3,500 కిలోమీటర్లు పరిగెత్తాడు.. తన రికార్డు బద్దలుకొట్టేవాడికే తోడు వెళ్లాడు!
మారథాన్ అంటే 42 కిలోమీటర్లు. అది దాటితే అల్ట్రా మారథాన్. ఇందులో పెద్ద పేరు అమెరికన్ స్కాట్ జురెక్. తల్లికి నరాల జబ్బు రావడంతో చిన్నప్పుడే వంట, ఇంటిపని మీదేసుకున్నాడు. 160 కిలోమీటర్ల వెస్టర్న్ స్టేట్స్ కొండ రేసును 1999 నుంచి వరుసగా ఏడుసార్లు గెలిచాడు. మాంసం, గుడ్లు, పాలు ముట్టడు. ఆ తిండి, ఆ పరుగు గురించే 2012లో 'ఈట్ అండ్ రన్' పుస్తకం రాశాడు.

అసలు పరీక్ష 2015లో. జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ ట్రైల్. మొదట్లోనే కాలికి గాయాలు. అయినా 46 రోజుల 8 గంటల్లో ముగించాడు. జెన్నిఫర్ ఫార్ డేవిస్ పాత రికార్డుకూ దీనికీ తేడా ఎంతో తెలుసా? జస్ట్ 3 గంటలు! అంత కష్టపడి కొట్టిన రికార్డు ఏడాదికే పోయింది. 2016లో కార్ల్ మెల్ట్జర్ దాటేశాడు. ఆ పరుగులో మెల్ట్జర్‌కు సాయంగా వెళ్లినవాళ్లలో జురెక్ కూడా ఉన్నాడు.