గడ్డిపోచ వేషం

స్వీడన్ పడమటి తీరంలో గుల్మార్ అనే సముద్రపాయ ఉంది. దాని లోతు తక్కువైన చోట్ల, గాలికి వరిచేను ఊగినట్టు ఈల్‌గ్రాస్ నీళ్లలో ఊగుతుంటుంది. చాలామంది నాచు అనుకుంటారు గానీ, ఇది వేళ్లూ పూలూ ఉన్న అసలు సిసలు మొక్క. ఆ పోచల్లో కొన్ని పోచలు కావు, చేపలు.

వీటిని పైప్‌ఫిష్ అంటారు. ఇక్కడి వెడల్పు మూతి రకానికి సింగ్నాథస్ టైఫిల్ అని 1758లో లినేయస్ పేరు పెట్టాడు. సీహార్స్‌కు దగ్గరి చుట్టం. ఆ గుర్రాన్ని తలా తోకా పట్టుకుని సాగదీస్తే ఇలాగే ఉంటుంది. పెద్దవి 30 సెంటీమీటర్లు దాటుతాయి. ఒంటికి పొలుసుల బదులు ఎముక పలకల కవచం. గడ్డి మధ్య నిటారుగా నిలబడి, నీటి కదలికకు తనూ ఊగుతుంది. రంగు కలిస్తే సరిపోదు మరి, ఊపూ కలవాలి! పళ్లు లేవు, జీర్ణాశయమూ లేదు. చిన్న రొయ్య దగ్గరికొస్తే తల చటుక్కున ఎగరేసి గొట్టం మూతితో పీల్చేస్తుంది. అంతా కొన్ని మిల్లీసెకన్ల పని. రెప్పపాటు కూడా దాని ముందు తీరుబడి వ్యవహారమే.

దాక్కోవడంలో ఇంత ఆరితేరిన చేపకు జత కుదరడమే చిక్కు. ఇక్కడ కడుపు మోసేది మగది. తోక అడుగున రెండు చర్మపు మడతలు కలిసి సంచి అవుతాయి. ఆడది గుడ్లు అందులో పెట్టి తన దారిన పోతుంది. పిండాలకు ఆక్సిజన్, పోషకాలు అందిస్తూ మగది వారాల తరబడి మోస్తుంది. ఆలోగా ఆడది దాదాపు ఇద్దరు మగవాళ్లకు సరిపడా గుడ్లు సిద్ధం చేసుకోగలదు. గుడ్లు బోలెడు, సంచులు కొన్నే. అందుకే పెళ్లిచూపుల్లో బెట్టు చేసేది మగది, పోటీ పడేది ఆడవి.

పోచలా కనిపిస్తే మగవాడి కంట పడేదెలా? ఆడది ఒంటి మీద ముదురు చారలు తేల్చుకుంటుంది. నిమిషాల్లో వస్తాయి, అవసరం తీరాక మాయమవుతాయి. చారలు బాగా తేలిన ఆడవాటి వైపే మగవి మొగ్గుతాయని పరిశోధకులు ఆండర్స్ బెర్గ్లుండ్, గునిల్లా రోసెన్‌క్విస్ట్ చూపించారు.

ఇక మగది ఆదర్శ తండ్రి అని మురిసిపోయే వాళ్లకు ఓ మాట. గుడ్లలోని అమైనో ఆమ్లాలకు రేడియోధార్మిక కార్బన్ గుర్తు పెట్టి స్వీడన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఫలితం 2010లో అచ్చయింది. సంచిలోని గుడ్లకు పెట్టిన ఆ గుర్తు తండ్రి కాలేయంలో, కండరాల్లో దొరికింది. అంటే పిండాల పోషకాలు కొన్ని తండ్రి ఒంట్లోకే చేరాయన్నమాట.